తొమ్మిది రోజుల గీత

తాడేపల్లిగూడెం,
జనవరి 9.

అత్తయ్యకి,

మీ మేనకోడలు ఇందుజ హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఫోన్‌లో మీకు సగమే వినబడుతోందని, మిగతా సగానికి మీరు ఊరికే ‘ఊఁ’ కొడుతున్నారని నాకు తెలిసిపోయింది. పోయిన వారం నేను “అత్తయ్యా, నాకు జలుబు చేసింది” అంటే మీరు “చాలా మంచిదమ్మా, అలాగే కానీ” అన్నారు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

ఇంకో కారణం కూడా ఉంది. మా కాలేజీ లైబ్రరీలో ఒక మూల తెలుగు పుస్తకాల బీరువా ఉంది. ఇంకెవరూ అడగరు కాబట్టి దాని తాళం దాదాపు నాదే అనుకోవచ్చు. రోజూ సాయంత్రం అక్కడ కూర్చుని చదువుతున్నాను. కొన్ని మాటలు చదవగానే పైకి అనుకోవాలనిపిస్తుంది. వ్యవసాయం చదువుతున్నదానికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందని నా రూమ్మేట్ సుష్మిత నవ్వుతుంది.

ఇక అసలు సంగతి. మన చినకొత్తూరులో పన్నెండు మంది చేలల్లో మేం పాతి వచ్చిన చిల్లుల పైపుల గురించి ఊళ్ళో రకరకాలుగా అనుకుంటున్నారట. మీరు అందరికీ ఇలా చెప్పండి. కాలవలో నీళ్ళు ఏటికేడాది తగ్గుతున్నాయి. మార్చిలో రావలసిన ఎండ ఫిబ్రవరిలోనే వచ్చేస్తోంది. వారానికోసారి వచ్చే వంతులో పైవాళ్ళు చేను నిండా పెట్టుకుంటే, చివరనున్న యోసేపు గారి దాకా వచ్చేసరికి బోదె కాలవలో బురదే మిగులుతోంది. నిరుటి దాళ్వా వరిలో ఆయన పంట సగం తాలు పోయింది. ఈసారీ అలాగే అయితే కౌలుకి చేపల చెరువు తవ్వించేస్తానన్నారని మీరే చెప్పారు కదా.

పైన నీళ్ళు ఆరిపోయినా నేల లోపల కొన్నాళ్ళు తడి ఉంటుంది. వేళ్ళకి అది చాలు. ఆ తడి ఎన్ని రోజులుంటుందో తెలిస్తే వంతుకీ వంతుకీ మధ్య గడువు పెంచవచ్చు. మిగిలిన నీళ్ళు చివరికి పోతాయి. ఎవరైనా ఒక వంతు వదిలేస్తే చేను ఎన్నాళ్ళు ఆగుతుందో చూడాలని మా శ్రీనివాసరావు సారు అడుగుతున్నారు. మీరు చేయవలసిందల్లా రోజూ పొద్దున్నే పైపులో స్కేలు దించి, నీళ్ళు నేల మట్టానికి ఎంత పైన ఉన్నాయో, లేదా ఎంత కింద ఉన్నాయో చూసి, ఫోన్‌లో మా యాప్‌లో అంకె వేయడం. ఆ యాప్ నేనే తయారుచేశాను. అంకె వేయకపోతే మీ పేరు ఎర్రగా మారుతుంది, జాగ్రత్త.

చేలో మీరు వాడే మాటలు కొన్ని నాకు రాసి పంపండి. పుస్తకాల్లో దొరకనివి కావాలి.

మీ ఇందు


చినకొత్తూరు, భీమడోలు మండలం,
జనవరి 17.

ఇందూ, అమ్మలూ,

పోస్ట్‌మాన్ కవరు ఇస్తే కోర్టు నోటీసేమోనని భయపడి, ఆదివారం మీ మావయ్య కైకలూరు ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా విప్పలేదు. ఆయన చదివి, “నీ మేనకోడలు నిన్ను చెవిటిదని రాసింది” అన్నారు. ఆ మాట మాత్రం నాకు స్పష్టంగా వినబడింది.

ఊడ్పులు అయిపోయాయి. నాటు పచ్చబడింది. రోజూ పొద్దున్న కాఫీ తాగి చేలోకి వెళ్ళి నీ పైపులోకి తొంగి చూస్తున్నాను. మొన్న ఒకరోజు పాల దగ్గర ఆలస్యమై పదింటిదాకా అంకె వేయలేదు. నా పేరు ఎర్రగా అయిపోయింది. పన్నెండు మందిలోనూ నాదొక్కటే. యోసేపు గారు గట్టు మీద నిలబడి, “ఏవండీ ప్రసన్నలక్ష్మి గారూ, మిమ్మల్ని గోడకుర్చీ వేయిస్తారేమో చూసుకోండి” అన్నారు. “మా అమ్మాయి యాపు, మా అమ్మాయి ఇష్టమండీ” అన్నాను. అన్నాను కానీ, నా పేరు ఎర్రగా ఉంటే మీ సారు నిన్నేమంటారోనని రోజంతా మనసు పీకింది.

మాటలు అడిగావు. పదును అంటే తడి కాదమ్మా. మట్టి పిడికిట్లో పట్టుకుంటే ముద్దవ్వాలి, వదిలితే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకా ఆగాలి. అసలు ముద్దే కాకపోతే నువ్వు ఆలస్యంగా వచ్చావన్నమాట. నెర్రె అంటే నేల బీట. మన కొల్లేటి ఒడ్డు నల్లమట్టికి నెర్రె పడిందంటే ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా బీటల్లోకి దిగిపోతాయి తప్ప చేను నిండదు. ఇవి చాలా, ఇంకా కావాలా?

మీ సారు అడిగారని రాశావు కదా, ఎవరైనా ఒక వంతు వదిలేస్తే చూడాలని. నేను వదులుతాను. జనవరి ఆఖరి వంతు పెట్టుకుని, తర్వాతది యోసేపు గారికి పోనిస్తాను. నా చేను ఎన్నాళ్ళు ఆగుతుందో చూసుకో.

వేళకి తిను. పుస్తకాలు తిన్నాక కూడా ఉంటాయి.

అత్త


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 14.

అత్తయ్యకి,

ఈ ఉత్తరం గెంతుతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోవద్దు.

ఫిబ్రవరి ఒకటి నుంచి తొమ్మిది దాకా మీరు వేసిన అంకెలు కంప్యూటర్‌లో గీతగా గీశాను. మిగతా రైతులవి కోడి గీకినట్టున్నాయి. మీది మాత్రం తిన్నగా, నున్నగా, మెట్లు దిగినట్టు దిగింది. అయిదు సెంటీమీటర్ల నిలవ నీటితో మొదలై, తొమ్మిదో రోజుకి నేల కింద ఏడు దగ్గర ఆగింది. పదిహేను కిందికి పోతేనే పైరుకి కష్టం. అంటే మీ చేను తొమ్మిది రోజులైనా ఇంకా హాయిగా ఉందన్నమాట. శ్రీనివాసరావు సారు ఆ గీతని క్లాసులో గోడ మీద చూపించి, “రైతు ఇలా రాసిస్తే మనకి సగం పని తగ్గుతుంది” అన్నారు. ఆ రైతు మా అత్తయ్య అని లేచి చెప్పాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఇంకా ఉంది. ఈ నెల 24న ఏలూరులో నీటి సంఘాల వాళ్ళతో, కాలవల ఇంజనీరు గారితో సమావేశం. మన బోదె కింద నూట ఇరవై ఎకరాలకి వంతు వారం నుంచి పది రోజులకి మార్చమని సారు అడగబోతున్నారు. ఒప్పుకుంటే మర్నాటి నుంచే అమలు. దానికి ఆధారం మీ గీతే. చెప్పవలసింది నేనే.

నా మొదటి సభ అత్తయ్యా. మొదటి వాక్యం ఇప్పటికి తొమ్మిదిసార్లు తిరగరాశాను.

మీ ఇందు


చినకొత్తూరు,
ఫిబ్రవరి 18.

ఇందూ,

ఉత్తరం అందింది. సంతోషం.

పది రోజుల వంతు అంటే ఊరంతటికీనా, నా ఒక్క చేనుకేనా? మిగతా పదకొండు మందీ వేసిన అంకెలు కూడా చూస్తారు కదా. నా అంకెలు లేకపోయినా పని జరుగుతుందా? అంత తొందరగా ఎందుకు మార్చడం, మీ సారుని ఇంకో నెల చూడమనరాదా.

మావయ్య బాగున్నారు. నేనూ ఇప్పుడు బాగున్నాను.

అత్త


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 20.

అత్తయ్యకి,

మీ ఉత్తరం ఇంత చిన్నగా ఎప్పుడూ లేదు. ‘ఇప్పుడు బాగున్నాను’ అంటే మొన్న బాగుండలేదా?

మీ ప్రశ్నలకి జవాబు. వంతు ఊరంతటికీ. మిగతావాళ్ళెవరూ వంతు వదల్లేదు కాబట్టి ఏడో రోజు తర్వాత ఏమవుతుందో చెప్పే అంకెలు మీ ఒక్కరివే. ఇంకో నెల ఆగితే యోసేపు గారి పైరు ఆగదు. ఆయన ఇప్పటికే చెరువు కౌలు వాళ్ళతో మాట్లాడుతున్నారని విన్నాను.

పొగిడితే మీకు మొహమాటం, నాకు తెలుసు. కానీ ఈసారి మీరు తప్పించుకోలేరు. గీత కింద మీ పూర్తి పేరు వేశాను.

మీ ఇందు


చినకొత్తూరు,
ఫిబ్రవరి 22, శనివారం సాయంత్రం.

ఇందూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. పోస్టులో వేస్తే ఈ జవాబు నీకు సోమవారం లోపల చేరదు. పూలబుట్టతో రోజూ పొద్దున్నే రైల్లో గూడెం వెళ్ళే వెంకటనరసమ్మ చేత పంపిస్తున్నాను. మీ మావయ్య చేత ఫోన్ చేయించవచ్చు. కానీ నేను చేసినదాన్ని ఆయన నోటితో చెప్పించడం నాకు ఇష్టం లేదు.

ఆ తొమ్మిది రోజులూ నేను చేలోకి వెళ్ళలేదు.

వంతు పెట్టుకున్న మర్నాడే జ్వరం వచ్చింది. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయాను. నీకు చెబితే చదువు మానేసి వస్తావని చెప్పలేదు. పది గంటలయ్యేసరికి ఫోన్‌లో నా పేరు ఎర్రగా అవుతోంది. వేయకుండా వదిలేద్దామంటే, ఏదో ఒకటి వేస్తే తప్ప ఆ ఎరుపు పోదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న చేను, నాకు తెలియదా అనుకున్నాను. రోజుకి ఒకటిన్నర చొప్పున తగ్గించుకుంటూ వేసుకుపోయాను. నీకు నున్నగా కనిపించింది అందుకే. మంచం మీద పడుకుని గీసిన గీత అది.

రెండో ఆదివారం మీ మావయ్యని పంపించాను. ఆయన పైపులోకి చూసి వచ్చి, “నీళ్ళేం కనబడలేదు, కప్ప ఉంది” అన్నారు. కప్ప ఉందంటే తడి ఉన్నట్టే కదా అని ఆ రోజుదీ వేసేశాను.

పదో తారీకున కర్ర పట్టుకుని వెళ్ళాను. పైపులో అడుగుదాకా నీళ్ళు లేవు. నెర్రెల్లో నా కాలి బొటనవేలు పట్టింది. ఆకుల కొసలు పండిపోయాయి. యోసేపు గారు ఇంజను తెచ్చి మురుగు కాలవలోంచి నా చేనుకి నీళ్ళు పెట్టారు. “ఆరో రోజుకే నెర్రెలొచ్చాయండీ, పరీక్ష కోసం మీరే కావాలని ఎండబెడుతున్నారనుకుని అడగలేదు” అన్నారు. ఆ రోజు నుంచీ వేస్తున్నవి నిజమైన అంకెలే. వెనకటివి మాత్రం దిద్దలేదు. ఎలా దిద్దాలో తెలియకా కాదు. నువ్వు క్లాసులో లేచి నా పేరు చెప్పానని రాశావు, ఆ తర్వాత చేయి రాలేదు.

పది రోజుల వంతు పెడితే మన కొల్లేటి వార చేలన్నీ నా చేనులాగే అవుతాయి. ఒక్కసారి నెర్రె పడితే వంతు నీళ్ళకి నిండవు. నీ సభ పాడవుతుందని తెలుసు. నా పేరు చెప్పే చెప్పు. దాచవద్దు.

కోపం వస్తే కూడా రాయి. రాయకుండా ఉండకు.

అత్త


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 25.

అత్తయ్యకి,

ఆదివారం తొమ్మిదింటికి వెంకటనరసమ్మ గారు హాస్టల్ గేటు దగ్గర నిలబడి, “చినకొత్తూరు ప్రసన్నలక్ష్మి గారి మేనకోడలు ఎవరండీ” అని కేకేశారు. ఉత్తరంతో పాటు మూర కనకాంబరాలు కూడా ఇచ్చారు. ఉత్తరం చదివాక ఆ పూలు తలలో పెట్టుకోవాలనిపించలేదు.

ముందు కోపం సంగతి. వచ్చింది. మీకు తొమ్మిది రోజులు జ్వరం వస్తే నాకు చెప్పనందుకు వచ్చింది. మిగతాదానికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలి.

సారు ఇంటికి పరుగెత్తాను. ఆయన వాకిట్లో స్కూటర్ తుడుచుకుంటున్నారు. మీ ఉత్తరం నిలబడే రెండుసార్లు చదివారు. “మీ అత్తయ్య గారిది పెద్ద మనసమ్మా. సభకి ఒక రోజు ముందు ఇలా రాయడం మాటలు కాదు. సరే, మన వైపు నుంచి మనం ఏం చూడకుండా వదిలేశాం?” అన్నారు.

అప్పుడు నేను కూడా చెప్పేశాను. అయిదు రోజులకోసారి ఉపగ్రహం నుంచి మన చేల ఫొటోలు వస్తాయి. ఎనిమిదో తారీకు ఫొటోలో మీ చేను రంగు తేలిపోయి ఉంది. పక్క చేలు పచ్చగా ఉన్నాయి. నేను చూశాను అత్తయ్యా. మబ్బు నీడ అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని ఆ ఫొటోని పక్కన పెట్టేశాను. ఆ రోజు ఆకాశంలో మబ్బే లేదు. గీత అందంగా ఉంది, దాని కింద మీ పేరు అందంగా ఉంది. అది చెడిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. మీరు నా కోసం అంకెలు వేశారు, నేను నా కోసం ఫొటో దాచాను. ఇందులో ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

సారు మీ ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు. “రేపు నువ్వే చెప్పు” అని మళ్ళీ స్కూటర్ తుడుచుకున్నారు.

ఏలూరులో యాభై మంది దాకా వచ్చారు. తిరగరాసిన మొదటి వాక్యాలన్నీ పనికిరాకుండా పోయాయి. “పది రోజుల వంతు అడగడానికి వచ్చామండీ, కానీ అడగడం లేదు” అని మొదలుపెట్టాను. తొమ్మిది రోజుల అంకెలు చూసి వేసినవి కావని, ఆ చేను నిజానికి ఆరో రోజుకే నెర్రెలిచ్చిందని, ఫొటో చూసి కూడా నేను ఊరుకున్నానని చెప్పాను. మీ పేరు చెప్పమన్నారు కానీ చెప్పలేదు. నా పేరు మాత్రం చెప్పాను.

వెనకాల ఒకాయన, “ఇంకేం, ఫోన్‌లో వ్యవసాయం చేస్తే ఇంతేనండీ” అన్నారు. నవ్వారు. ఇంజనీరు గారు మాత్రం నవ్వలేదు. “చెప్పకపోయి ఉంటే ఇవాళ సంతకం పెట్టేసేవాణ్ణి” అని కాగితం మూసేశారు. సారు లేచి ఇంకో మూడు వారాలు గడువు అడిగారు. మార్చి పదిహేడుకి మళ్ళీ రమ్మన్నారు. అంతవరకూ పాత వంతే.

బస్సులో తిరిగి వస్తూ భీమడోలు దాటాక ఏడ్చాను. మీ ఊరి మలుపు కనబడితే దిగిపోవాలనిపించింది.

యోసేపు గారికి మూడు వారాలు ఆగమని మీరే చెప్పాలి. నాకు ధైర్యం చాలడం లేదు.

మీ ఇందు


చినకొత్తూరు,
మార్చి 2.

ఇందూ, బంగారం,

ఫొటో సంగతి చదివి మీ మావయ్య, “ఇద్దరూ ఒక్క రక్తమే” అన్నారు. మీ నాన్న కూడా చిన్నప్పుడు మార్కుల కాగితం బియ్యం డబ్బాలో దాచేవాడు, అడిగి చూడు.

శుక్రవారం యోసేపు గారి దగ్గరికి నేనే వెళ్ళాను. ఆయన చివరి మడిలో కలుపు తీయిస్తున్నారు. మొత్తం చెప్పాను. పది రోజుల వంతు రాదని, మూడు వారాలు ఆగాలని, దీనికంతటికీ కారణం నా జ్వరమూ నా తెలివీ అని చెప్పాను. ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నారు.

“అమ్మా, తిట్టనంటే ఒకటి చెబుతాను” అన్నారు.

“చెప్పండి, నాకా అధికారం ఎక్కడుందండీ” అన్నాను.

“జనవరిలో మా అమ్మాయి ఊరు వెళ్ళి నాలుగు రోజులున్నానండీ. అక్కణ్ణించే వేశాను.”

“అక్కణ్ణించి ఎలా వేశారండీ?”

“ముందు రోజు ఎంతుంటే అంతే వేశానండీ. నీళ్ళెక్కడికి పోతాయిలే అని.”

ఇద్దరం గట్టు మీద కూర్చుని నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. మనిద్దరమే అయితే ఫరవాలేదు, ఇంకెంతమందో అన్నారు ఆయన. సాయంత్రం పాల కేంద్రం దగ్గర అందరూ ఉన్నప్పుడు నేనే మొదట లేచి చెప్పాను. తర్వాత ఒకరు పెళ్ళికి వెళ్ళానన్నారు. ఒకరు స్కేలు పోయిందన్నారు. ఒకరు, “నేనైతే ప్రసన్నలక్ష్మి గారి అంకె చూసి దానికి అటూ ఇటూగా వేస్తున్నానండీ, ఆవిడ ఎలాగూ కరెక్టుగా వేస్తారని” అన్నారు. పన్నెండు మందిలో ఏడుగురం తేలాం.

ఎవరికీ మోసం చేయాలని లేదమ్మా. ఎరుపు చూడలేకపోయాం, అంతే. మీ సారు కోప్పడతారని కొందరు, మన ఊరి పిల్ల చదువు పాడవుతుందని కొందరు. నీ యాపు ‘ఎంత?’ అని అడుగుతుంది తప్ప ‘చూశారా?’ అని అడగదు.

యోసేపు గారు మూడు వారాలు ఆగుతానన్నారు. చెరువు వాళ్ళని ఉగాది దాటాక రమ్మన్నారట.

అత్త


తాడేపల్లిగూడెం,
మార్చి 6.

అత్తయ్యకి,

మీ చివరి మాట రాత్రి భోజనం దగ్గర సుష్మితకి చదివి వినిపించాను. అది తినడం ఆపేసింది. ‘ఎంత?’ అని అడుగుతుంది తప్ప ‘చూశారా?’ అని అడగదు. నాలుగు నెలలు కూర్చుని నేను తయారుచేసినదానిలో లోపం మీరు ఒక్క వాక్యంలో చెప్పారు.

సారుకీ చూపించాను. ఏడుగురి పాత అంకెలన్నీ తీసేశాం. ఇప్పుడు గీతల నిండా ఖాళీలే. సారు అవి చూసి, “ఇప్పుడు నమ్మబుద్ధి అవుతోంది” అన్నారు.

ఇవాళ్టి నుంచి యాప్‌లో ఎరుపు లేదు. అంకె వేసే గడి పక్కన ఇంకో మీట పెట్టాను. ‘ఈరోజు చూడలేదు’ అని ఉంటుంది. కారణం అడగదు. నొక్కితే పేరు పచ్చగానే ఉంటుంది. అందరికీ చెప్పండి. ఈ పది రోజులు చూసినప్పుడే వేయమనండి, చాలు.

ఎండ ముదురుతోంది. చేలోకి వెళ్ళేటప్పుడు తల మీద కొంగు కాకుండా తువ్వాలు వేసుకోండి.

మీ ఇందు


చినకొత్తూరు,
ఏప్రిల్ 3.

ఇందూ,

నువ్వు ఏలూరు రెండో సభ నుంచి మావయ్యకి ఫోన్ చేసి సగం చెప్పావట, ఆయన నాకు అందులో సగం చెప్పారు. మిగతాది కాలవ మీద నీళ్ళు వదిలే లస్కరు చెబితే తెలిసింది. పైన మెరక చేలకి తొమ్మిది రోజుల వంతు, మన కొల్లేటి వార చేలకి ఆరు రోజులు. ఊరంతటికీ ఒకటే వంతు ఉండాలని ఎవరు పెట్టారో కానీ, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. రెండు వారాలుగా చివరి బోదెలో చీలమండ దాకా నీళ్ళు పారుతున్నాయి. పైవాళ్ళు కొందరు సణిగారు. మార్చిలో ఒక వంతు వదిలి చూసినప్పుడు వాళ్ళ పైపులో వాళ్ళు వేసిన అంకెలే చూపిస్తే ఊరుకున్నారు.

యోసేపు గారి చేను ఈనింది. నిన్న ఒక వెన్ను తెచ్చి నా చేతిలో పెట్టి, “గింజ నొక్కి చూడండమ్మా” అన్నారు. నొక్కితే పాలు వచ్చాయి. పొల్లు చాలా తక్కువ. చెరువు వాళ్ళు వస్తే ఏం చెప్పారండీ అంటే, “మా చేలో పైపుంది, తవ్వడానికి వీల్లేదన్నానండీ” అన్నారు. వాళ్ళకేం అర్థమైందో మరి.

నా చేను సంగతి కూడా రాయాలి. ఫిబ్రవరిలో ఎండిన మూల అలాగే పలచగా ఉండిపోయింది. ఓ మూడు బస్తాలు తగ్గుతుంది. దాన్ని చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది, కానీ మొహం తిప్పుకోవడం లేదు.

మంగళవారం పొద్దున్న కాఫీ తాగి గుమ్మంలో కూర్చున్నాను. జ్వరం లేదు, కీళ్ళ నొప్పి లేదు. కొల్లేటి మీంచి చల్లగాలి వీస్తోంది. ఎందుకో చేలోకి వెళ్ళబుద్ధి కాలేదు. ఫోన్ తీసి ‘ఈరోజు చూడలేదు’ నొక్కి, రెండో గ్లాసు కాఫీ కలుపుకున్నాను. నా పెళ్ళయ్యాక ఇలా కూర్చోవడం ఇదే మొదటిసారి.

అత్త